గీత మళ్లీ కలంలోకి: బ్రౌజర్ ఎడిటర్‌లో రివర్స్ క్లిప్, ఒక కేస్ స్టడీ

వీడియోను వెనక్కి తిప్పడం ఎడిటింగ్‌లో అన్నిటికన్నా తేలికైన పనిగా కనిపిస్తుంది. క్లిప్ ఎంచుకుని రివర్స్ అని నొక్కడమే కదా అనుకుంటారు. ఐదారు సెకన్ల చిన్న క్లిప్ అయితే నిజంగా అంతే. క్లిప్ నిమిషాలకు చేరినా, ఫోన్‌లో 4కె నాణ్యతతో తీసినదైనా, పని చేసేది 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లోని బ్రౌజర్ అయినా ఆ బటన్ మొరాయిస్తుంది. ఎందుకు మొరాయిస్తుందో తెలిస్తే అదే ల్యాప్‌టాప్‌లో, అదే బ్రౌజర్‌లో పని పూర్తవుతుంది. ఈ కేసును రాసిపెట్టడానికి అదొక కారణం. రెండో కారణం సాంకేతికమైనది కాదు, దాని సంగతి మధ్యలో వస్తుంది.

నేపథ్యం

తిరుపతి జిల్లాలో శ్రీకాళహస్తి కలంకారీ పని చేసే ఒక కుటుంబం వీడియో ఎడిటింగ్‌లో సాయం కోసం మా దగ్గరికి వచ్చింది. ఆ కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలన్నీ ఇక్కడ వదిలేశాం. పని తాతది, అమ్మకాలు మనవడివి. ఆర్డర్లు ఎక్కువగా ఫోన్ మీదే వస్తాయి, కాబట్టి రీల్స్ వాళ్లకు దుకాణం ముందు బోర్డు లాంటివి.

మనవడి ఆలోచన బాగుంది. పూర్తయిన బొమ్మతో రీల్ మొదలవ్వాలి. చేయి కదులుతుంటే గీతలు ఒక్కొక్కటే కలంలోకి వెనక్కి వెళ్లిపోవాలి. చివరికి కరక్కాయ, పాలు పట్టించిన ఉత్త గుడ్డ మిగలాలి. చేతిపని అని ఎన్ని మాటల్లో చెప్పినా నమ్మనివాళ్లు ఇది చూస్తే నమ్ముతారని అతని లెక్క. కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింట్లు, డిజిటల్ ప్రింట్లు అమ్ముడుపోతున్న ఈ రోజుల్లో ఆ పట్టుదల న్యాయమైనదే.

ఈ పనికి రివర్స్ ఎందుకు సరిపోతుందో కూడా చెప్పాలి. శ్రీకాళహస్తి కలం అంటే వెదురు పుల్ల. మొన దగ్గర ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉన్ని రంగును పీల్చుకుని ఉంటుంది, వేళ్లతో నొక్కినకొద్దీ మొనలోంచి దిగుతుంది. నల్ల గీతకు వాడేది కసిం, అంటే ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ద్రవం. అది గుడ్డలోని కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది. వెనక్కి తిప్పితే, తడి గీత గుడ్డను వదిలి ఉన్నిలోకి ఎక్కిపోతున్నట్టు ఉంటుంది. కుంచెతో వేసే బొమ్మలో ఇంత స్పష్టంగా రాదు. కలం గీత సన్నం, దాని మొన ఎక్కడుందో కంటికి తెలుస్తూనే ఉంటుంది.

సమస్య

మనవడు తెచ్చిన క్లిప్ ఒకే షాటు, 3 నిమిషాల 40 సెకన్లు. ఐఫోన్‌ను గుడ్డ మీదికి వంచి పైనుంచి తీశాడు. 3840×2160 సైజు, సెకనుకు 60 ఫ్రేములు, హెచ్‌ఈవీసీ ఫార్మాట్ (వీడియోను బాగా కుదించి దాచే పద్ధతి), హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా పట్టే పద్ధతి) ఆన్‌లో ఉంది. ఫైలు దాదాపు 1.5 జీబీ. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, 128 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్నాయి, ఆ ఎస్ఎస్‌డీలో ఖాళీ పది జీబీ కూడా లేదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టే చోటు లేదు కాబట్టి బ్రౌజర్‌లోనే నడిచే ఎడిటర్ వాడుతున్నాడు. ఫైలు సర్వర్‌కు వెళ్లదు, అంతా ల్యాప్‌టాప్ లోపలే జరుగుతుంది.

క్లిప్ పెట్టి రివర్స్ నొక్కితే గీత కొంతదూరం కదిలి ఆగిపోతుంది, ఆ తర్వాత ట్యాబే కూలిపోతుంది. నాలుగుసార్లు అదే జరిగింది. ఎడిటర్ చెడిపోయిందని అతని అనుమానం.

ఎడిటర్ బాగానే ఉంది, లెక్క కుదరడం లేదు. మొదట ఆ లెక్కే వేశాం.

వీడియో ఫైలులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. అక్కడక్కడ ఒక పూర్తి ఫ్రేము, అంటే కీఫ్రేము ఉంటుంది. దాని వెనక వచ్చేవాటిలో ముందు ఫ్రేముతో పోలిస్తే ఏం మారిందో ఆ తేడా మాత్రమే రాసి ఉంటుంది. అందుకే వీడియోను ముందుకు నడిపించడం తేలిక. వెనక్కి నడపాలంటే కీఫ్రేము దగ్గరికి వెళ్లి, అక్కడినుంచి ముందుకు విప్పుకుంటూ వచ్చి, విప్పిన ఫ్రేములన్నీ ర్యామ్‌లో దాచుకుని, చివరిదాన్ని ముందు ఇవ్వాలి. చాలా టూల్స్ ఇంకా మొరటు పద్ధతిలో క్లిప్ మొత్తాన్నీ విప్పి దాచుకుంటాయి. ఇలాంటి టూల్స్‌లో చాలావాటి వెనక ఉండే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రాములోని రివర్స్ ఫిల్టర్ కూడా అంతే. క్లిప్ మొత్తం మెమరీలో పట్టాలి, కాబట్టి ముందే కత్తిరించుకోండి అని దాని సూచనల్లోనే ఉంటుంది.

విప్పిన 4కె ఫ్రేము ఒక్కోటి ఎంత? 8 బిట్ రంగులో 12.4 ఎంబీ. హెచ్‌డీఆర్ 10 బిట్ కాబట్టి మెమరీలో దానికి రెట్టింపు చోటు పడుతుంది. 220 సెకన్లను 60తో గుణిస్తే 13,200 ఫ్రేములు. 8 బిట్ లెక్కన చూసుకున్నా 164 జీబీ. ఉన్నది 8 జీబీ ర్యామ్, అందులో సగం విండోస్‌కూ బ్రౌజర్‌కూ పోతుంది. పైగా 32 బిట్ వెబ్‌అసెంబ్లీ (బ్రౌజర్‌లో బరువైన ప్రోగ్రాములు నడిపే పద్ధతి) మీద నడిచే టూల్‌కు ఎంత ర్యామ్ ఉన్నా 4 జీబీ దాటి అందదు. 4 జీబీలో పట్టేది ఈ క్లిప్‌లో ఐదు సెకన్ల పైచిలుకు. 220 సెకన్ల క్లిప్ అక్కడ కూలిపోక ఏం చేస్తుంది?

చేసి చూసినవి, కుదరనివి

సర్వర్‌కు అప్‌లోడ్ చేయించుకునే మరో టూల్‌తో చేద్దామని మనవడు అడిగాడు. బరువంతా సర్వర్ మోస్తుంది కాబట్టి ర్యామ్ గొడవ ఉండదు, ఆ మాట నిజమే. వాళ్ల ఇంట్లో అప్‌లోడ్ వేగం 8 ఎంబీపీఎస్. 1.5 జీబీ ఎక్కడానికి 25 నిమిషాలు, అదీ లైను మధ్యలో తెగకుండా ఉంటే. ఉచిత ఖాతాలో బయటికి వచ్చే వీడియో 720 లైన్లదే, పైగా దానిమీద వాళ్ల ముద్ర ఉంటుంది. ఇవన్నీ సర్దుకోగలిగినవే. మేము వద్దనడానికి అసలు కారణం వేరే. ఆ బొమ్మ ఇంకా మార్కెట్‌లోకి రాలేదు. విడుదల కాని డిజైన్‌ను 4కె స్పష్టతతో, పైనుంచి తిన్నగా తీసిన వీడియోగా ఎవరి సర్వర్‌లోనో పెట్టడమంటే, నకలు తీసేవాడికి ట్రేసింగ్ కాగితం ఇచ్చినట్టే. లోపలే పని జరిగే ఎడిటర్‌తోనే ఉందామని నిర్ణయించాం.

అదే ఎడిటర్‌లో ప్రివ్యూను వెనక్కి లాగుతూ స్క్రీన్ రికార్డింగ్ చేసి చూశాం. అప్పటికప్పుడు మెదిలే ఉపాయం ఇది, కానీ పనికిరాదు. బ్రౌజర్‌లో వీడియోను మైనస్ వేగంతో నడిపించే వీలు మామూలుగా దొరకదు. అందుకని ప్రివ్యూ ఒక్కో ఫ్రేముకూ వెనక్కి గెంతుతుంది. ఈ ఫైలులో కీఫ్రేము సెకనుకు ఒకటి. అంటే ఒక సెకను భాగంలో 60వ ఫ్రేము చూపించడానికి 60 ఫ్రేములు విప్పాలి, 59వదానికి మళ్లీ మొదటినుంచి 59. ఇలా ఒక్క సెకనుకు 1,830 ఫ్రేములు విప్పాల్సి వస్తుంది. ముందుకు నడిపితే 60తో పోతుంది. ముప్పై రెట్లు పని పడేసరికి ప్రివ్యూ జెర్కులు కొట్టింది, రికార్డింగ్‌లో గీత గెంతుకుంటూ మాయమైంది.

క్లిప్‌ను 40 ముక్కలు చేసి ఒక్కోదాన్నీ రివర్స్ చేద్దామన్న ఆలోచనా వచ్చింది. లెక్క ప్రకారం కుదురుతుంది కూడా. కానీ 40 ముక్కలంటే 39 అతుకులు. అతుకు దగ్గర ఒక ఫ్రేము అటూ ఇటూ అయినా చేయి ఉలిక్కిపడినట్టు కనిపిస్తుంది. దీన్ని ఆపేశాం. కానీ ముక్కలు చేయాలన్న ఆలోచన మంచిదే, దాన్ని ముందు వాడకుండా తర్వాత వాడాలి.

దారి దొరికిన చోటు

రీల్ నిడివి ఎంత? అర నిమిషం. 220 సెకన్ల పని అందులో ఇమడాలంటే ఎలాగూ పది రెట్లు వేగం పెంచాలి. పది రెట్లు పెంచితే 22 సెకన్లు. సెకనుకు 30 ఫ్రేముల రీల్‌కు కావాల్సినవి 660 ఫ్రేములే. మిగతా పన్నెండు వేల చిల్లర ఫ్రేములను ఎడిటర్ చివర్లో ఎలాగూ పారేస్తుంది. పారేయాల్సినవాటిని ముందు విప్పి, దాచి, తిప్పి, ఆ తర్వాత పారేయడం దేనికి?

అందుకని క్రమం మార్చాం. ముందు వేగం, క్రాప్, సైజు తగ్గింపు. వాటిని ఫైలుగా ఎగుమతి చేసి, ఆ కొత్త ఫైలును మళ్లీ లోపలికి తెచ్చి రివర్స్ చేయాలి. వేగం పెంచడం, క్రాప్ చేయడం ముందుకు నడిచే పనులు. ఎడిటర్ ఒక ఫ్రేము తీసుకుంటుంది, మార్చుతుంది, రాసేస్తుంది, మరిచిపోతుంది. 164 జీబీ ఒక్కసారిగా ఎక్కడా నిలవదు.

ఒకే ప్రాజెక్టులో వేగం, రివర్స్ రెండూ పెట్టి ఒకేసారి ఎగుమతి చేస్తే సరిపోదా అని అడగొచ్చు. ఏది ముందు చేయాలో ఎడిటర్ తనే నిర్ణయించుకుంటుంది, మనకు చెప్పదు. ఈ ఎడిటర్ రివర్స్‌నే ముందు చేస్తుందని కూలిపోయిన ట్యాబ్ తేల్చింది. మధ్యలో ఫైలు బయటికి తీస్తే క్రమం మన చేతిలో ఉంటుంది.

క్రాప్ దగ్గర ఒక మాట. రీల్ నిలువుగా 1080×1920 ఉండాలి. షాటు అడ్డంగా ఉంది. 2160 ఎత్తు ఉన్న 4కె ఫ్రేములోంచి 9:16 ముక్క తీస్తే 1215×2160 వస్తుంది, దాన్ని 1080×1920కు తగ్గిస్తే స్పష్టత పోదు. 4కెలో తీసినందుకు ఇక్కడ ఫలితం దక్కింది. 60 ఫ్రేములకు మాత్రం ఏ ఫలితమూ లేదు. పది రెట్ల వేగంలో ఇరవై ఫ్రేములకు ఒకటి మిగులుతుంది.

మొదటి ఎగుమతిని బిట్‌రేట్ (సెకను వీడియోకు వాడే డేటా) తగ్గించకుండా 20 ఎంబీపీఎస్‌లో ఉంచాం. దీన్ని మళ్లీ ఇంకోసారి కుదించాల్సి ఉంది కాబట్టి తొలి కుదింపులోనే సన్న గీతల అంచులు చెదిరితే రెండోసారి ఇంకా చెదురుతాయి. 22 సెకన్లకు 55 ఎంబీ ఫైలు వచ్చింది. 1.5 జీబీతో పోలిస్తే లెక్కలోకే రాదు.

ఇప్పుడు రివర్స్. 1080×1920 ఫ్రేము 3.1 ఎంబీ, 660 ఫ్రేములకు 2 జీబీ. సరిపోయేలా ఉంది, అయినా మళ్లీ కూలిపోయింది. చాలా ఎడిటర్లు ఫ్రేమును తెర మీద గీసే రూపంలో, పిక్సెల్‌కు నాలుగు బైట్లతో దాచుకుంటాయి. ఆ రూపంలో ఒక్కోటి 8.3 ఎంబీ, మొత్తం దాదాపు 5.5 జీబీ. ఫైలు సైజు చూసి ధైర్యపడటం దగ్గరే చాలామంది పొరబడతారు. 55 ఎంబీ ఫైలు కదా అనుకుంటారు. రివర్స్‌కు కుదించిన సైజుతో సంబంధం లేదు, విప్పాక ఎంత అవుతుందన్నదే లెక్క.

ఇక్కడ ముక్కలు అక్కరకొచ్చాయి. 22 సెకన్లను నాలుగు చేస్తే ఒక్కోటి 5.5 సెకన్లు, సరిగ్గా 165 ఫ్రేములు, సుమారు 1.4 జీబీ. ఒక్కో ముక్కను విడిగా తెచ్చి, రివర్స్ చేసి, ఎగుమతి చేసి, ట్యాబ్‌ను మూసి మళ్లీ తెరిచి తర్వాతి ముక్క చేశాం. ట్యాబ్ మూయకపోతే ముందు ముక్క పట్టుకున్న మెమరీని బ్రౌజర్ వెంటనే వదలకపోవచ్చు. మూడో ముక్క దగ్గర మళ్లీ కూలే ప్రమాదం అందుకే వస్తుంది.

చిన్నవిగా కనిపించి పని చెడగొట్టినవి

నాలుగూ అతికించాక చూస్తే బొమ్మ మాయమవుతూ, ఉన్నట్టుండి మళ్లీ పుట్టుకొచ్చి మాయమవుతోంది. ముక్కలు తిప్పాం కానీ వరస తిప్పలేదు. ఒక్కోదాన్ని తిప్పితే సరిపోదు, 4, 3, 2, 1 క్రమంలో పేర్చాలి. ఫైళ్ల పేర్లు ముందే ముక్క-4, ముక్క-3 అని తిరగేసి పెట్టుకుంటే ఈ పొరపాటు రాదు.

అతుకుల దగ్గర ఒక్క నల్ల ఫ్రేము మెరిసింది. అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే పట్టింది. కత్తిరించిన చోట తప్పేమో అని ఫ్రేము ఫ్రేముగా చూశాం. కోత సరిగ్గానే ఉంది. తప్పు శబ్దంలో ఉంది. ఎంపీ4లో మామూలుగా వాడే ఏఏసీ శబ్దం 1024 శాంపిళ్ల కట్టలుగా వెళ్తుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో కట్ట 21 మిల్లీసెకన్లు. వీడియో ముగిసే చోట ఆఖరి కట్ట ముగియకపోతే శబ్దం ట్రాకు కొంచెం పొడుగు వస్తుంది. ఆ మిగిలిన జానెడుకు చూపించడానికి ఎడిటర్ దగ్గర బొమ్మ ఉండదు, నలుపు చూపిస్తుంది. ప్రతి ముక్కనూ శబ్దం తీసేసి ఎగుమతి చేస్తే మెరుపు పోయింది.

శబ్దం ఎలాగూ తీసేయాల్సిందే. రివర్స్ నొక్కితే ఈ ఎడిటర్ శబ్దాన్నీ తిప్పుతుంది. గుడ్డ మీద వెదురు గీసిన చప్పుడు ముందు ఠక్కున పుట్టి మెల్లగా తగ్గుతుంది, తిప్పితే మెల్లగా ఉబ్బి ఠక్కున తెగుతుంది. మాటలైతే ఏ భాషో తెలియదు. ఆ షాటులో తాత ఎవరితోనో మాట్లాడుతున్నాడు కూడా. శబ్దాన్ని చివర్లో విడిగా, ముందుకే నడిచేలా పెట్టాం.

ఎగుమతి పెట్టి వేరే ట్యాబ్‌లో మెసేజ్‌లు చూస్తుంటే పని ఆగిపోయింది. కనపడని ట్యాబ్‌కు బ్రౌజర్ వేగం తగ్గిస్తుంది, తెర మీద ఫ్రేములు గీసే పనులను అసలు ఆపేస్తుంది. ఎగుమతి అయ్యేదాకా ఆ ట్యాబే ముందుండాలి, చార్జర్ పెట్టి ఉండాలి, స్క్రీన్ ఆరిపోకుండా సెట్టింగ్ మార్చాలి.

డిస్కు నిండిందని మనవడు బ్రౌజర్ డేటా మొత్తం తుడిచాడు. హిస్టరీతో పాటు సైట్ డేటా కూడా పోయింది. ఇలాంటి ఎడిటర్లు ప్రాజెక్టును దాచుకునేది అక్కడే. రెండు గంటల పని పోయింది. ఎగుమతి చేసిన ముక్కలు ఫోల్డర్‌లో ఉండబట్టి మళ్లీ మొదటికి రాలేదు.

పైనుంచి తీసిన షాటు 90 డిగ్రీలు పక్కకు పడి రావడం ఇంకొకటి. ఫోన్ నేలకు సమాంతరంగా ఉంటే ఏది పైవైపో సెన్సార్‌కు తేలదు, తప్పు గుర్తు ఫైలులో పడుతుంది. ఎడిటర్‌లో ఒకసారి తిప్పితే చాలు. కానీ క్రాప్‌కు ముందే తిప్పాలి, లేకపోతే 1215 కొలత అడ్డం పడుతుంది.

రంగు సంగతి మాత్రం ఎడిటర్‌లో తేలలేదు. హెచ్‌డీఆర్ క్లిప్ ఈ ఎడిటర్ గుండా వెళ్లి మామూలు 8 బిట్ వీడియోగా వచ్చేసరికి మంజిష్ఠ ఎరుపు వెలిసిపోయింది, నీలి మీద బూడిద పొర కమ్మింది. కాంట్రాస్ట్ పెంచితే ఎరుపు దగ్గర పడింది కానీ గుడ్డ రంగు పసుపెక్కింది. మామూలు రీల్ అయితే చూసీ చూడనట్టు వదిలేయొచ్చు. సహజ రంగులే తమ సరుకని చెప్పుకునేవాళ్లకు అది కుదరదు, రీల్‌లో చూసిన ఎరుపు ఇంటికొచ్చిన గుడ్డలో కనిపించాలి. రంగు సరిదిద్దడం మీద ఇంకో పూట పెట్టాలా, మళ్లీ తీయాలా అని తర్జనభర్జన పడుతుండగా తాత రీల్ చూశాడు.

అసలు ఆగిన చోటు

ఆ క్లిప్‌లో ఉన్నది చిన్న వినాయకుడి బొమ్మ. పూర్తయిన వినాయకుడు, వెనక్కి నడిచే చేయి, తొండం పోయింది, చెవులు పోయాయి, కళ్లు పోయాయి. చివరికి గుడ్డ.

తాత రెండోసారి చూడలేదు. “దేవుణ్ణి తుడిచేస్తా ఉన్నట్ట ఉండాది నాయనా. ఇది బయట పెట్టొద్దు” అన్నాడు. మనవడు “తాతా, ఉట్టినే వెనక్కి తిప్పినాం, తుడిచిందేం లేదు” అన్నాడు. “తిప్పింది నీకు తెలుసు. చూసేవాళ్లకు అట్నే కనపడతాది గదా” అని తాత.

సాంకేతికంగా అప్పటికి పని ముగిసింది. రివర్స్ సాఫీగా నడిచింది, అతుకులు కనిపించడం లేదు. అయినా తాత మాటే సరైనదని మాకూ అనిపించింది. రివర్స్ క్లిప్ జరిగినదాన్ని వెనక్కి చూపించడంతో ఆగదు, జరగనిదాన్ని జరిగినట్టు చూపిస్తుంది. వేయడం చెరపడం అవుతుంది, పోయడం తోడేయడం అవుతుంది, కట్టడం విప్పడం అవుతుంది. పెళ్లి వీడియోలు చేసేవాళ్లు తలంబ్రాలను పైకి ఎగిరేలా తిప్పుతారు, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. మూడు ముళ్లను అలా తిప్పి ఎవరూ చూపించరు. ఏ క్లిప్ వెనక్కి నడవొచ్చు, ఏది నడవకూడదు అన్నది ఫైలు తెరవకముందే అడగాల్సిన ప్రశ్న. ఈ కేసులో మేము దాన్ని చివర అడిగాం.

అదే కళ్లతో మిగతా ఫుటేజీ కూడా చూశాం. రంగు ఉడికే గంగాళం షాటులో ఆవిరి పైనుంచి కిందికి దిగి గంగాళంలోకి పోతోంది. స్వర్ణముఖిలో గుడ్డ ఉతికే షాటులో నీళ్లు ఎదురు నడుస్తున్నాయి. వాటిలో చూసేవాడి కన్ను గుడ్డ మీద ఉండదు, గారడీ మీద ఉంటుంది. రెండూ తీసేశాం. గీత ఒక్కటే మిగిలింది, రివర్స్‌లో మాట్లాడేది కూడా అదే.

పని చేసిన పద్ధతి

మళ్లీ తీయడమే మేలని తేలింది. రంగు బాగోలేదు, బొమ్మ మారాలి, ఇంకో లోపం కూడా కనిపించింది: ఆటో ఎక్స్‌పోజర్. మబ్బు కమ్మి విడిచినప్పుడల్లా ఫోన్ వెలుతురును కొద్దికొద్దిగా సర్దుకుంటుంది. మామూలు వేగంలో తెలియదు. పది రెట్ల వేగంలో గుడ్డ మిణుకుమిణుకుమంటుంది.

కొత్త బొమ్మ నెమలి. కెమెరా సెట్టింగ్స్‌లో హెచ్‌డీఆర్ వీడియో ఆఫ్ చేసి, 4కె, సెకనుకు 30 ఫ్రేములు పెట్టాం. ఫోన్ తెరలో గుడ్డ కనిపించే చోట వేలు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేశాం. కిటికీ వెలుగు ఒకవైపునుంచే పడేలా గుడ్డను జరిపాం. ఫోన్‌ను రెండు స్టూళ్ల మధ్య అడ్డకర్రకు కట్టాం. కర్ర ఏ మాత్రం ఊగినా అతుకు దగ్గర గుడ్డ అంచు గెంతుతుంది కాబట్టి స్టూళ్ల మీద బరువులు పెట్టించాం. చింత బొగ్గుతో వేసుకునే తొలి గీతలను షాటుకు ముందే గుడ్డ మీద లేతగా ఉంచాం. నల్ల గీతలన్నీ పోయాక ఉత్త గుడ్డ మీద ఈ లేత గీతలు మిగులుతాయి. మొదట దీన్ని లోపమనుకున్నాం. చూశాక ఉంచేశాం, ప్రింటుకు ఈ గీతలుండవు.

షాటు 200 సెకన్లు వచ్చింది. పది రెట్ల వేగంతో 20 సెకన్లు, 600 ఫ్రేములు. నాలుగు ముక్కలకు ఒక్కోటి 150 ఫ్రేములు, 5 సెకన్లు. కోతలు పూర్ణ సెకన్ల మీద పడటం ఉపయోగం, ఎడిటర్ దశాంశాలను సర్దే పని ఉండదు. 30 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము 33.3 మిల్లీసెకన్లు. కాలాన్ని సెకనులో వందో వంతుల్లో చూపించే ఎడిటర్‌లో ఎక్కడ పడితే అక్కడ కోస్తే ఒక ఫ్రేము రెండు ముక్కల్లోనూ రావచ్చు, రెండిటిలోనూ లేకుండా పోవచ్చు.

దీనికి తోడు ఒక క్లోజప్ తీశాం. 4 సెకన్లు, కలం మొన, ఒక్క గీత, వేగం పెంచకుండా. ఇది రీల్‌కు ప్రాణం. పది రెట్ల వేగంలో చేయి తునకలు తునకలుగా కదులుతుంది, గీత కలంలోకి ఎక్కడం కంటికి ఆనదు. అసలు వేగంలో తిప్పిన క్లోజప్‌లో కసిం తడి మెరుపు మొన వెంటే జరుగుతూ, వెనక పొడి గుడ్డ మిగులుతుంది. వేళ్లు ఉన్నిని నొక్కడం తిరగబడి, ఉన్ని ఊపిరి పీల్చినట్టు ఉబ్బుతుంది. 120 ఫ్రేములే కాబట్టి ముక్కలు చేసే పని కూడా లేదు.

వేగం పెంచిన భాగంలో చేయి తునకలుగా కనిపించడం పోవాలంటే గీత గీసిన ప్రతిసారీ చేయి పక్కకు తీసి, చేయి లేని ఫ్రేములే ఏరుకోవచ్చు. సాఫీగా వస్తుంది కూడా. మేము వద్దనుకున్నాం. చేయి కనిపించకపోతే గీతలు కంప్యూటర్ యానిమేషన్‌లా వాటంతటవే చెరిగిపోతాయి. వాళ్లు అమ్ముతున్నదే ఆ చేయి.

కూర్పు ఇలా కుదిరింది. మొదట 4 సెకన్ల క్లోజప్, రివర్స్‌లో. తర్వాత 20 సెకన్ల నెమలి, 4, 3, 2, 1 వరసలో. ఉత్త గుడ్డ మీద 12 ఫ్రేములు నిలుపు. చివర రంగులన్నీ వేసి ఉతికి ఆరేసిన నెమలి గుడ్డ, 3 సెకన్లు. మొత్తం 27.4 సెకన్లు. ఆ 12 ఫ్రేముల నిలుపు లేకపోతే గుడ్డ ఖాళీ అయిందని కన్ను పట్టుకునేలోపే రంగుల నెమలి వచ్చేస్తుంది. ఒకవేళ ఉత్త గుడ్డ నుంచి అదే క్లిప్‌ను ముందుకు నడిపించాలనుకుంటే మలుపు దగ్గర ఒక ఫ్రేము తీసేయాలి. రివర్స్‌లో ఆఖరి ఫ్రేము, ముందుకు నడిచేదాని మొదటి ఫ్రేము ఒకటే, రెండూ ఉంటే చిన్న తడబాటు తెలుస్తుంది.

శబ్దానికి వెదురు గీత చప్పుడునే విడిగా రికార్డు చేసి ముందుకు నడిచేలా పెట్టాం. బొమ్మ వెనక్కి, శబ్దం ముందుకు నడుస్తున్నా చూసినవాళ్లెవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. గీసే చప్పుడుకు పెదవుల కదలిక లాంటి జత లేదు కాబట్టి చెల్లింది.

తర్వాతి పనులకు మిగిలినవి

క్లిప్‌ను రివర్స్‌కు ఎంచుకునే ముందు చిన్న పరీక్ష ఒకటి అలవాటు చేశాం. షాటులో ఏదో ఒక 5 సెకన్లు కత్తిరించి, 480 లైన్లకు తగ్గించి రివర్స్ చేస్తే ఏ ల్యాప్‌టాప్‌లోనైనా క్షణాల్లో అవుతుంది. దాన్ని ఫోన్‌లో వేసి ఇంట్లో పెద్దవాళ్లకు ఏమీ చెప్పకుండా చూపించి, ఏం కనిపించిందో అడగాలి. నీళ్లు, పొగ, నడక, అక్షరాలు వాళ్ల నోట ముందు వస్తే ఆ షాటు పనికిరాదు. చేతి గురించి, బొమ్మ గురించి మాట్లాడితే పనికొస్తుంది.

లెక్క కూడా షాటుకు ముందే వేస్తున్నాం. రీల్‌లో ఆ భాగం ఎన్ని సెకన్లో దాన్ని 30తో, ఆపైన 8.3 ఎంబీతో గుణించాలి. 1080×1920 రీల్‌కు అది ర్యామ్‌లో నాలుగో వంతు లోపు ఉండాలి. 8 జీబీ ల్యాప్‌టాప్‌కు అంటే 2 జీబీ, 8 సెకన్లు. దాటితే ముక్కలు. బ్రౌజర్ ఎడిటర్లలో కొన్ని ఇప్పుడు వెబ్‌కోడెక్స్ అనే బ్రౌజర్ సదుపాయం ద్వారా గ్రాఫిక్స్ చిప్‌తోనే ఫ్రేములు విప్పిస్తున్నాయి, వేగం బాగా పెరుగుతుంది. క్రోమ్‌లో అది 94వ వెర్షన్, అంటే 2021 నుంచి ఉంది. విప్పడం వేగంగా జరిగినా విప్పినవి దాచుకునే చోటు మాత్రం పెరగదు, కాబట్టి ఈ లెక్క మారదు.

మనవడు ఇప్పుడు షాట్లు తీసేటప్పుడే 30 ఫ్రేములు, హెచ్‌డీఆర్ ఆఫ్, లాక్ చేసిన ఎక్స్‌పోజర్‌తో తీస్తున్నాడు. ఏ బొమ్మలు వెనక్కి నడవొచ్చో తాత చెప్పి పెట్టాడు: నెమళ్లు, హంసలు, తీగలు, మామిడి పిందెలు, కల్పవృక్షం. దేవుళ్లవి, కథల బొమ్మలవి ముందుకే.